మగ్గం గుంతలో పాదం

మా ఆయనకు కుడి పాదం లేదు. చీలమండకు జానెడు పైన కాలు ఆగిపోతుంది. ఎవరన్నా అడిగితే "షుగరు" అంటాడు. అడిగినవాళ్ళు "అయ్యో పాపం" అని తలాడించి తమ దారిన పోతారు. నేను పక్కనే ఉండి కూడా నోరు తెరవను. ఆ పాదాన్ని షుగరు ఒక్కటే తీసుకుపోలేదు. అందులో నా పాలు కూడా ఉంది, అదేం తక్కువ కాదు. ఇన్నాళ్ళకు ఒప్పుకుందామని కూర్చున్నాను.

ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్ళికి ముందూ నాకు మామే, పెళ్ళయ్యాకా మామే. అందుకే మా మధ్య 'ఏమండీ'లు, 'చూడండీ'లు లేవు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిరునాళ్ళ పరసకు తీసుకుపోయిన మనిషి. నాకు కోపమొస్తే ఆయనకే చెప్పుకుంటాను, ఆయన మీదే చూపిస్తాను.

మా పెద్దవాళ్ళది కంబదూరు పక్క పల్లె. శనక్కాయ తప్ప ఇంకో పంట ఎరగని ఎర్రనేల. విత్తనం వేసేదాకా వాన కోసం చూడటం, వేశాక మళ్ళీ వాన కోసం చూడటం, చివరికి కాయ పట్టని చెట్లు పీకి పశువులకు వేయడం. మామ పదిహేడేళ్ళప్పుడు ఆ చూపులకు విసిగి ధర్మవరం వచ్చి పట్టు మగ్గం నేర్చుకున్నాడు. "మొగులును నమ్ముకునేదానికంటే నా చేతుల్ని నమ్ముకునేది మేలనుకున్యా" అని చెప్పేవాడు. చేతులన్నాడు గాని, మగ్గంలో సగం పని కాళ్ళది.

మాది గుంత మగ్గం. నేలలో గుంత తీసి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి నేస్తారు. అడుగున కాలితో తొక్కే చెక్కలుంటాయి. కుడికాలూ ఎడమకాలూ మార్చి మార్చి తొక్కితే పడుగు పోగులు విడిపోయి, అడ్డపోగు మోసే నాడెకు దారి ఇస్తాయి. పైన పట్టు, జరీ, రంగులు, వెలుతురు. కింద చీకటి. పొద్దున దిగిన కాళ్ళు మధ్యాహ్నం అన్నానికి బయటికొస్తాయి. నేసే మనిషి కళ్ళు పోగుల మీద ఉంటాయే గాని, తన కాళ్ళను తాను చూసుకోడు. ఇంకొక సంగతి. మగ్గం మాకు దేవుడితో సమానం. చెప్పులేసుకుని ఆ గది గడపే తొక్కము, ఇక గుంతలోకి దిగే మాటే లేదు.

యోగా దగ్గరికి నేను ఆరోగ్యం కోసం పోలేదు. భయంతో పోయాను.

మా వీధి చివర మగ్గం నేసే ఒకాయన ఉండేవాడు. మామ ఈడువాడే. మర మగ్గాలు వచ్చాక చేతి చీరలకు అడిగేవాళ్ళు తగ్గిపోయి, అతని మగ్గం ఆరు నెలలు ఖాళీగా ఉంది. ఒకరోజు పొద్దున అందరం కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఉంటే ఆ ఇంట్లోంచి కేక వినబడింది. తన ప్రాణం తానే తీసుకుని పోయినాడు. శవాన్ని మోసి వచ్చిన దినం నుంచి మామ మాట్లాడటం తగ్గించాడు. అన్నం ముందు కూర్చుని అన్నం వైపే చూసేవాడు. ఏమయ్యిందంటే "ఏముందిలే" అనేవాడు. ఆ 'ఏముందిలే' విన్న రాత్రి లేచి, ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేదాన్ని.

మా సీమలో ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేదే ఏడుపు. "ఎట్లుండావన్నా?" అంటే "ఎట్లుంటాంప్పా, వానల్లేవు" అంటారు. వాన పడిన రోజు అడిగినా "పడింది గాని, ఏం లాభం" అంటారు. పుట్టినప్పటి నుంచి ఆ మాటలే విని విని నాకు వెగటు పుట్టింది. అటువంటి సమయంలో, బ్యాంకు ఉద్యోగం నుంచి దిగిపోయిన ఒక పెద్దాయన బడి మైదానంలో పొద్దున్నే యోగా నేర్పుతున్నాడని తెలిసి పోయాను. మొదటి రోజే ఆయన అన్న మాట నా తలకెక్కింది. "మనసులో ఏది తలుచుకుంటే శరీరం అటే పోతుందమ్మా. మంచే తలుచుకోండి, మంచే పలకండి." నాకు కావలసిన మందు దొరికిందనుకున్నాను.

మూడు నెలలు పోయాను. నడుము నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది. అబద్ధం చెప్పను, యోగా నాకు మేలే చేసింది. తర్వాత మామను కూడా లాక్కుపోయాను. మొదట్లో గుంజాటన పడ్డాడు. "ఆడోళ్ళ మధ్యలో నన్ను చేతులు లేపమంటావేమే?" అన్నాడు. దుప్పటి చంకలో పెట్టుకుని, దొంగలాగా గోడ వెంబడి నడిచేవాడు. పదిహేను రోజులకు ముఖంలో మార్పొచ్చింది. నెలకు అన్నం అడిగి వడ్డించుకున్నాడు. ఒకరోజు కూతురు ఏదో అంటే పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను. మనిషి నాకు మళ్ళీ దక్కినాడు అనుకున్నాను. ఆ మాట కూడా అబద్ధం కాదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగే మనిషిని కాదు.

ఇంట్లో చట్టం పెట్టాను. చెడ్డ మాట పలకరాదు. నొప్పి, లేదు, కాదు, అయిపోయింది, భయం, ఇవేవీ నోట రాకూడదు. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఒక్కొక్కరు ఒక మంచి మాట చెప్పాలి. చెడ్డ మాట పలికినవాళ్ళు పది గుంజీళ్ళు తీయాలి. ఇంటర్ చదివే నా కూతురు మూడో రోజుకే నాతో వాదం పెట్టుకుంది. "మా, పరీక్ష పోయిందని చెప్పాలంటే ఎట్ల చెప్పాల?" అంది. "మళ్ళా రాసే అవకాశం వచ్చిందని చెప్పు" అన్నాను. "నీకు పిచ్చి ముదిరింది" అని పది గుంజీళ్ళు తీసి పోయింది. ఫోన్లో రోజూ స్టేటస్ పెట్టేదాన్ని, సూర్యుడి బొమ్మ, కింద ఒక మంచి మాట. చుట్టాలు నన్ను ఆటపట్టించేవాళ్ళు. నేను పట్టించుకునేదాన్ని కాదు. యోగా సారు తాను ఊళ్ళో లేనిరోజు మైదానంలో నన్నే చేయించమనేవాడు. పైకి చెప్పకపోయినా ఆ పెత్తనం నాకు ఎంత నచ్చిందో నాకు తెలుసు.

మామకు షుగరు ఉందని తెలిసి అప్పటికే రెండేళ్ళు. మాత్రలు వేసుకునేవాడు. సారు కూడా మొదటే చెప్పాడు, "మాత్రలు మాత్రం మానొద్దు, పరీక్షలు చేయించుకుంటూ ఉండండి" అని. మాత్రలు మానలేదు. పరీక్షలు నేనే మాన్పించాను. "మాటిమాటికి రక్తం తీపించుకునేది అనుమానం మామా. అనుమానం పెట్టుకుంటే అదే వస్తాది" అన్నాను. సూది అంటే ఆయనకూ ఇష్టం లేదు కాబట్టి సరేనన్నాడు. ఒకసారి బడి దగ్గర వైద్య శిబిరం పెడితే ఒక నర్సమ్మ మామతో "ఉత్తకాళ్ళతో నడవొద్దన్నా, పనిచేసేటప్పుడు కూడా చెప్పులుండాల" అంది. ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. చెప్పులేసుకుని మగ్గంలో కూర్చునేదా!

అసలు సంగతి శవాసనంలో జరిగింది.

శవాసనమంటే తెలిసిందే, ఆఖర్న వెల్లకిలా పడుకుని ఒళ్ళంతా వదిలేయడం. సారు కాలివేళ్ళ దగ్గర మొదలుపెడతాడు. "కుడికాలి బొటనవేలు... తలుచుకోండి... వదిలేయండి. రెండో వేలు... వదిలేయండి." ఆయన గొంతు మెత్తగా ఉంటుంది. నాకు మాత్రం ఎన్నడూ కుదరలేదు. బొటనవేలు అనగానే దాన్ని కుట్టే చీమ గుర్తొస్తుంది. మడమ అనగానే పగుళ్ళు మండుతాయి. మోకాలు దాటేసరికి నా మనసు పొయ్యి మీద పాల దగ్గరుంటుంది. నా పక్కన పడుకునే పెద్దమ్మ గురక పెట్టేది, అదొక వదలడం.

ఒకరోజు లేచి కూర్చున్నాక సారు ఎప్పటిలాగే "ఎలా ఉంది?" అని అడిగాడు. అందరం "బాగుంది సార్" అన్నాం. మామ మాత్రం కాసేపు తన పాదాల వైపే చూసి, "సార్, నాకు కాళ్ళు ఉండాయో లేవో కూడా తెలీలేదు సార్" అన్నాడు.

సారు ముఖం వెలిగిపోయింది. "చూశారా అమ్మా! ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నా నాకే అప్పుడప్పుడు గాని అందదు. శరీరం ఉన్నట్టే తెలియకూడదు. అదీ శవాసనమంటే!" అన్నాడు. ఆడవాళ్ళంతా మామ వైపు తిరిగి చూశారు. మామ సిగ్గుపడి దుప్పటి మడవడం మొదలుపెట్టాడు.

నాకు గర్వం. దానికంటే ముందు అసూయ. నేను తీసుకొచ్చిన మనిషి, నాకంటే మూడు నెలలు వెనక మొదలుపెట్టినవాడు, నాకు అందనిది అందుకున్నాడు. ఇంటికి వస్తూ దారిలో అడిగాను, "ఎట్ల చేస్తాండావు మామా, నాకూ చెప్పు."

"ఏం చెయ్యడంలా మే. పండుకుంటా. వేళ్ళు అనంగానే యాడుండాయో తెలీదు."

"కుడికాలా, ఎడమకాలా?"

"రెండూ. కుడిది ఇంకా బాగా."

'ఇంకా బాగా' అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ వినబడుతుంది. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుందని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసినదాన్ని నేనే గడప బయట నిలబెట్టాను, అది చెడ్డ మాట కాబట్టి. పైగా సారు లేనిరోజు మైదానంలో "మా మామను చూసి నేర్చుకోండి" అని అందరికీ చెప్పాను. ఆ పూట ఆయన్ను ముందు వరసలో పడుకోబెట్టాను కూడా.

నాలుగు నెలలు అట్లా గడిచాయి. వానాకాలం మొదలైనా వాన ముఖం చాటేసింది. మగ్గం మీద పెండ్లి చీర ఉంది, చాలా రోజుల తర్వాత వచ్చిన మంచి పని. మామ పొద్దున యోగా నుంచి వచ్చి గుంతలోకి దిగితే పొద్దు వంగేదాకా లేచేవాడు కాదు. ఆ దినాల్లోనే కూతురు ఒకరోజు ముక్కు మూసుకుని, "నాయనా, నీ దగ్గర ఏందో వాసన వస్తాంది" అంది.

నేను కసిరాను. "పది గుంజీళ్ళు తియ్యి."

"గుంజీళ్ళు తీస్తే వాసన పోతాదా మా?" అంది. మొండిది, నా కూతురే మరి. తీయకుండానే కాలేజీకి పోయింది.

వాసన నాకూ వచ్చింది. పచ్చి పట్టుకు ఒక వాసన ఉంటుంది, అదనుకున్నాను. రెండు రోజులకు అది కాదని తెలిసింది. మగ్గం గదిలోకి పోతే తెలుస్తోంది, గుంత దగ్గర ఎక్కువ. మామ కూడా ముక్కు ఎగబీల్చి, "ఎలక చచ్చినట్లుండాది మే" అన్నాడు. గుంతల్లో ఎలుకలు చావడం మాకు కొత్తేం కాదు. ఫినాయిలు చల్లాను. సాంబ్రాణి వేశాను. మామ ఆ పొగలోనే కూర్చుని ఇంకో మూర చీర నేశాడు.

మూడో రోజు ఆయన అన్నానికి లేచాక నేను టార్చి పట్టుకుని గుంతలోకి దిగాను. మూలలన్నీ వెతికాను. ఎలుక లేదు. దుమ్ము, తెగిన పోగులు, నాడెలోంచి ఎప్పుడో పడిపోయిన ఒక పోగు కండె, అంతే. తొక్కే చెక్కల కింద ఏమన్నా ఇరుక్కుందేమోనని కుడి చెక్క మీద చెయ్యేసి వంగాను. చురుక్కుమంది. చెయ్యి లాక్కున్నాను. వేలి చివర రక్తం బొట్టు.

టార్చి దగ్గరగా పెట్టి చూశాను. చెక్కకు కొట్టిన మేకు పైకి లేచి ఉంది, వడ్లగింజంత. దాని చుట్టూ చెక్క నల్లబడి, తడిగా, జిగురుగా ఉంది. వాసన అక్కడి నుంచే వస్తోంది.

గుంతలో ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. నా వేలు సలుపుతూనే ఉంది. ఒక్కసారి తగిలినందుకే అంత నొప్పి. ఆ చెక్కను మామ రోజుకు ఎన్ని వందలసార్లు తొక్కుతాడో, ఎన్ని దినాల నుంచి ఆ మేకు మీద తొక్కుతున్నాడో, లెక్క వేయడానికి నా మనసు ఒప్పుకోలేదు.

బయటికి వచ్చేసరికి ఆయన గోడకానుకుని మజ్జిగ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చుని కుడికాలు నా ఒళ్ళోకి లాక్కున్నాను. "ఏమే, ఏమయ్యింది?" అంటున్నాడు. అరికాలు పైకి తిప్పాను. వేళ్ళ కింద, మెత్తని చోట, చింతగింజంత గుంత. చుట్టూ చర్మం నీళ్ళలో నానినట్టు తెల్లబడి ఉంది. లోపల ఏ రంగో చెప్పను. చిటికెనవేలు నల్లబడుతోంది.

మామ వంగి చూశాడు. ఎవరిదో కాలును చూసినట్టు చూశాడు. "ఇది నాదేనా?" అన్నాడు.

ఆయన భయపడకుండా నా ముఖం వైపు చూశాడు, నేనేదో మంచి మాట చెబుతానని. నేను లేచి ఆసుపత్రి చీటీల కోసం బీరువా తెరిచాను.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ను కళ్ళు మూసుకోమంది. సన్నని నైలాను పోగు లాంటిది ఒకటి తీసుకుని ఒక్కో వేలి మీద ఆనించింది. "తెలుస్తోందా?" అని అడుగుతుంది. "లేదు." ఇంకో వేలు. "తెలుస్తోందా?" "లేదు." అది అచ్చం శవాసనంలాగే ఉంది. మెత్తని గొంతు, ఒక్కో వేలి పేరు, కళ్ళు మూసుకుని పడుకున్న మా మామ.

"స్పర్శ పోయి ఎన్నాళ్ళయ్యింది?" అంది డాక్టరమ్మ.

మామ కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. నాకు దినంతో సహా తెలుసు. సారు మెచ్చుకున్న దినం, అందరూ తిరిగి చూసిన దినం. "నాలుగైదు నెలలు" అన్నాను.

"అప్పుడే ఎందుకు రాలేదు?"

ఏం చెప్పేది? శవాసనం బాగా కుదిరిందనుకున్నామని చెప్పేదా? ఆమె మమ్మల్ని పల్లెటూరి మొద్దులు అనుకుని ఉంటుంది. అనుకుంటే అనుకోనీ. మొద్దునైతే ఇంత బాధ ఉండేది కాదు, అన్నీ తెలిసిన దాన్ని కాబట్టే.

ముందు చిటికెనవేలు తీశారు. వారానికి ఇంకో రెండు. అది ఆగదని చెప్పి, పాదమే తీయాలన్నారు. అంతా అయ్యేసరికి నెలన్నర పట్టింది. పెండ్లి చీర మగ్గం మీద సగంలోనే ఉండిపోయింది.

పాదం తీసే పొద్దున కూడా నాకు బుద్ధి రాలేదు. స్ట్రెచరు పక్కన నిలబడి, ఆయన చెయ్యి పట్టుకుని, నాకు అలవాటైన గొంతుతో, "ఏం కాదు మామా. అంతా మంచే జరుగుతాదని తలుచుకో. గాలి నిదానంగా పీల్చు" అన్నాను.

ఆయన చెయ్యి విదిలించాడు. నా బ్రతుకులో మామ నన్ను ఎప్పుడూ విదిలించలేదు. "ఊరుకో మే! నోరు మూయి!" అని అరిచాడు. వార్డంతా తిరిగి చూసింది. "నాకు భయంగా ఉండాది. భయంగా ఉండాదని చెప్పనీ నన్ను. ఇంట్లో చెప్పనీకపోతివి. ఈడ కూడా చెప్పనీవా?"

అని ఏడ్చాడు. యాభై దాటిన మనిషి, వెక్కివెక్కి. నేను ఆయన నోటికి గుడ్డ కుక్కి పెట్టాను ఇన్నాళ్ళూ. ఆ గుడ్డను మంచి మాటలని పిలిచాను. వీధి చివర ఆయనలాగా మౌనంగా ఉండి పోతాడేమోనని భయపడి, నేనే ఆయన మాటలు తీసేశాను. ఆ నిమిషంలో నాకు అది అర్థమయ్యింది, కాని తలుపులు తోసుకుని ఆయన్ను లోపలికి తీసుకుపోయారు.

ఇంటికి వచ్చాక చాలామంది వచ్చి చూసిపోయారు. సారు కూడా వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, కట్టు వైపు చూడలేక, గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, "నేను అడిగి ఉండాల్సిందమ్మా. కాళ్ళు తెలీడం లేదంటే ఎందుకని అడిగి ఉండాల్సింది" అన్నాడు. ఆయనకు మా పనుల సంగతేం తెలుసు, మగ్గం గుంత ఎట్లా ఉంటుందో దిగి చూసిన మనిషి కాదు. తెలిసినదాన్ని నేను. ఆ మాటే చెప్పి కాఫీ ఇచ్చాను. సగం తాగి పోయాడు.

గుంత మగ్గం ఒక కాలితో సాగదు. అందుకని ఇప్పుడు గుంతలో నేను కూర్చుంటాను, పెళ్ళయిన కొత్తలోనే ఆయన నేర్పిన పని. మామ గడప దగ్గర మంచం మీద కూర్చుని నాకు కండెలు చుట్టి ఇస్తాడు. మా వీధిలో అది ఆడవాళ్ళ పని. ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. నేను రబ్బరు చెప్పులేసుకుని గుంతలోకి దిగుతాను. మొదటి రోజు పక్కింటి అవ్వ చూసి, "ఏమ్మే, చెప్పులతో దిగుతాండావే! దేవుడనే భయం లేదా?" అని గుమ్మంలోనే దండం పెట్టుకుంది. "ఆ దేవునికి ఇయ్యాల్సింది ఇచ్చేసినాం లే అవ్వా" అన్నాను. అనరాని మాటే. అన్నాను.

ఆ పెండ్లి చీర మిగతా సగం నేనే నేశాను. మామ నేసిన చోటు, నేను నేసిన చోటు వేరుగా తెలుస్తాయేమోనని భయపడ్డాను. ఎవరికీ తెలియలేదు. పెండ్లికూతురు అది కట్టుకునే ఉంటుంది.

మైదానానికి మళ్ళీ పోతున్నాను. యోగా మీద నాకు కోపం లేదు. నా నడుము నిలబడింది దాంతోనే. మామ ఆ రోజు నవ్విన నవ్వు కూడా నిజమే. నేను చేయించే రోజున మాత్రం మొదట అందరినీ అరికాళ్ళు పైకి పెట్టి కూర్చోమంటాను. ఒకరి అరికాళ్ళు ఒకరు చూడాలి, వేళ్ళ సందులు కూడా. తర్వాత ఎక్కడ నొప్పి ఉందో, ఎక్కడ తెలియడం లేదో చెప్పాలి. మొదట్లో నవ్వారు, సిగ్గుపడ్డారు. ఇద్దరు మానేశారు. "పొద్దున్నే ఏడుపులు వినేదానికి యోగా ఎందుకు?" అందట ఒకామె. ఒకప్పుడు నేనూ అదే అనేదాన్ని, ఆమెను ఏమనేది?

మొన్న ఒక పొద్దున నేను దుప్పటి తీసుకుని బయలుదేరుతుంటే మామ మంచం మీద నుంచి పిలిచాడు. "ఈ పొద్దు ఈడనే చేయించు" అన్నాడు. కాలు పోయాక యోగా మాట ఆయన ఎత్తడం అదే మొదలు. నేను దుప్పటి మంచం పక్కనే పరిచి కూర్చున్నాను. ఆయన వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కుడికాలి బొటనవేలు" అన్నాను. నోరు అలవాటు ప్రకారం పోయింది. "కాదు మామా, ఎడమకాలి..."

"ఆపొద్దు" అన్నాడు కళ్ళు తెరవకుండా. "చెప్పు."

మళ్ళీ మొదటి నుంచి కుడికాలికే పోయాను. "బొటనవేలు" అన్నాను.

"ఉండాది."

"రెండో వేలు."

"ఉండాది."

"మూడో వేలు... నాలుగో వేలు..."

"అన్నీ ఉండాయి మే. అప్పుడు ఒక్కటీ తెలియకపోయె. ఇప్పుడు అన్నీ తెలుస్తాండాయి. గోళ్ళు కూడా తెలుస్తాండాయి."

తీసేసిన కాలు ఉన్నట్టే అనిపించడం మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. చెప్పినప్పుడు నేను తలూపాను గాని, ఆయన నోట వినేసరికి నా కళ్ళు కాలు ఆగిపోయిన చోటికే పోయాయి. ఇంకా అలవాటు పోలేదు నాకు. "అయితే వదిలేయి మామా. ఒక్కొక్కటి మెల్లగా వదిలేయి" అన్నాను.

"వదులు కావడంలా." ఆయన నుదురు ముడిపడింది. చెయ్యి దుప్పటిని పిడికిట్లో పట్టుకుంది. "అరికాల్లో మేకు గుచ్చుకుంటాంది మే. తొక్కినప్పుడల్లా గుచ్చుకుంటాంది."

గతంలోనైతే అట్లా అనకూడదు అనేదాన్ని. మంచిది తలుచుకో అనేదాన్ని. ఈసారి నేను లేచి మంచం చివరికి పోయాను.

"యాడ మామా?" అన్నాను.

కాలు ఆగిపోయిన చోటుకు అవతల, పరుపు మీద ఏమీ లేని చోట చెయ్యి పెట్టాను.

"ఆడ కాదు" అన్నాడు. "ఇంకొంచెం కిందికి."